పట్టాలు మూడే, మిగతావన్నీ కుర్చీలు

(ఒంగోలులో కొత్త విలేకరుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నిర్వాహకులు నాకిచ్చిన అంశం మతాలకు సంబంధించిన వార్తలు రాయడంలో మెలకువలు. అది పెద్ద చెరువు. నేను దానికి ఒక మూలన దిగుతాను. కథోలిక సంఘంలో ఎవరు ఎవరు, ఎవరిని ఏమని రాయాలి, అంతవరకే మాట్లాడతాను. ముప్పై ఏళ్ల డెస్కు ఉద్యోగంలో చేసిన తప్పులు చాలా ఉన్నాయి గాని, తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కే తప్పు ఆ మూలనే జరిగింది.

నెల్లూరులో ఒక పత్రిక జిల్లా డెస్కులో చేరిన కొత్త. కందుకూరు దగ్గరి పల్లె నుంచి నాలుగు వాక్యాల చావు వార్త వచ్చింది. ఆర్.సి.ఎం. (రోమన్ కథోలిక మిషన్) చర్చి ఫాదర్ మృతి అని. మాది బాప్టిస్టు కుటుంబం. మా ఇంట్లో, మా వీధిలో, మా చుట్టాల ఊళ్లలో చర్చి పెద్ద అంటే పాస్టరుగారే. ఫాదర్ అన్న మాట కొట్టేసి పాస్టర్ అని రాశాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ రోజుల్లో ప్రతి చావు వార్తకూ ఒక తోక ఉండేది: ‘ఆయనకు భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె ఉన్నారు.’ విలేకరి ఆ తోక రాయలేదు. మరిచిపోయి ఉంటాడనుకున్నాను. లెక్క తెలియదు కాబట్టి, ‘ఆయనకు భార్యా పిల్లలు ఉన్నారు’ అని అతికించి, నా తెలివికి నేనే మురిసిపోయి పేజీకి పంపేశాను.

మూడో రోజు పొద్దున్నే ఒక పెద్దాయన ఆఫీసుకు వచ్చారు. తెల్ల పంచె, చంకలో గొడుగు, చేతిలో నాలుగు మడతలు పెట్టిన మా పేపరు. మొదటి బస్సుకు బయలుదేరి వచ్చారట. పేపరు నా బల్ల మీద విప్పి, వేలు పెట్టి చూపించి, చాలా మర్యాదగా అడిగారు: “అయ్యా, మా స్వాములవారికి పెళ్లి చేసింది తమరేనా?”

ఆయన ఆ ఊరి ఉపదేశి. గురువు, అంటే ఫాదర్, రాని రోజుల్లో గుడిలో జపాలు చెప్పించేది, పిల్లలకు ప్రార్థనలు నేర్పేది, గురువు అందుకోలేనప్పుడు శవం ముందు నడిచేది ఉపదేశే. ఎదురుగా కూర్చోబెట్టి టీ తెప్పించాను. ఆయన అరిచి ఉంటే నేను ఈ పాటికి మరిచిపోయేవాణ్ని. అరవలేదు. టీ తాగుతూ నాకు పాఠం చెప్పారు. ఇప్పుడు మీకు చెప్పబోయేదానిలో వెన్నెముక ఆయనది. తర్వాత నేను చదివి తెలుసుకున్నది దానికి పట్టిన కండ.

ముందు, ఈ తప్పు మన జిల్లాల్లోనే ఇంత సులువుగా ఎందుకు జరుగుతుందో చూడండి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారి కాలం, గొప్ప కరువు వెనకాలే వచ్చిన రోజులు. అప్పటినుంచి ఒంగోలు అంటే బాప్టిస్టుల ఊరు. వాళ్లకు బిషప్పులు లేరు. సంఘం పిలుచుకుంటుంది, పాస్టరు వస్తారు, ఆయనకు కుటుంబం ఉంటుంది. సరిగ్గా యాభై ఏళ్లకు, 1928లో, మద్రాసు నుంచి విడదీసి నెల్లూరు కథోలిక మేత్రాసనం, అంటే ఒక బిషప్ ఏలుబడిలోని ప్రాంతం, ఏర్పాటు చేశారు. మొదటి పీఠాధిపతి, అంటే బిషప్, మిల్ హిల్ అనే మిషనరీ సభకు చెందిన విలియం బౌటర్. అంటే ఆ మేత్రాసనం ప్రకాశం జిల్లా కంటే 42 ఏళ్లు పెద్దది. కందుకూరునే తీసుకోండి. 1970 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022లో మళ్లీ నెల్లూరు. కలెక్టరేట్లు మారాయి గాని అక్కడి కథోలికుల పీఠం మారలేదు. ఒకే వీధిలో రెండు గుళ్లు, రెండు పద్ధతులు. విలేకరి బస్సు దిగి ‘చర్చి’ అని ఒకే మాట రాసుకుంటాడు.

ఇక పాఠం. ఉపదేశిగారు బల్ల మీద మూడు వేళ్లు ఆనించి అన్నారు: “పట్టాలు మూడేనయ్యా. మిగతావన్నీ కుర్చీలు.”

ఆ మూడు పట్టాలూ డీకన్, గురువు, మేత్రాణులు. మేత్రాణులంటే బిషప్. దివ్యసంస్కారంగా, అంటే తలమీద చేతులుంచి ప్రార్థన చేసి ఇచ్చేవి ఈ మూడే. పోప్, కార్డినల్, ఆర్చిబిషప్, మోన్సిగ్నోర్, వికార్ జనరల్, డీన్ ఇవన్నీ కుర్చీలు లేదా గౌరవాలు. కుర్చీ ఎక్కవచ్చు, దిగవచ్చు. పట్టా మాత్రం పోదు. గురుత్వ విధుల నుంచి తొలగించిన గురువు సైతం, చావు బతుకుల్లో ఉన్న మనిషి అడిగితే పాపసంకీర్తనం, అంటే పాపాల ఒప్పుకోలు, విని క్షమాపణ ఇవ్వవచ్చని వాళ్ల ధర్మశాస్త్రమే చెబుతుంది. ఉద్యోగం ఊడిన తహసీల్దారు సంతకం చెల్లదు. ఇక్కడ లెక్క వేరు.

ఉపదేశిగారి తండ్రి కాలంలో పట్టాలు ఏడని లెక్కపెట్టేవారట. నిజమే. ద్వారపాలకుడు, పాఠకుడు, భూతాలను వెళ్లగొట్టేవాడు, పీఠం దగ్గర సేవకుడు అని నాలుగు చిన్న పట్టాలు, వాటిమీద ఉపడీకన్, డీకన్, గురువు. పోప్ ఆరవ పౌలు 1972లో చిన్న పట్టాలనూ ఉపడీకన్ పట్టానూ తీసేశారు. పాత పుస్తకాలు చూసి వార్త రాసేవాళ్లు ఇక్కడ తడబడతారు.

డీకన్ అనే మాట మన వార్తల్లో దాదాపు కనిపించదు. గురువిద్యార్థి ఏళ్ల తరబడి చదివి, గురువు కావడానికి కనీసం ఆరు నెలల ముందు డీకన్ అవుతాడు. జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, ఇవ్వవచ్చు, పెళ్లి ఆశీర్వదించవచ్చు, ప్రసంగించవచ్చు, అంత్యక్రియలు జరిపించవచ్చు. దివ్యబలిపూజ, అంటే అప్పద్రాక్షారసాలతో చేసే ప్రధాన పూజ, చేయలేడు, పాపసంకీర్తనం వినలేడు. గుర్తుపట్టడం సులభం. మెడలో వేసుకునే పొడవాటి పట్టీని స్టోల్ అంటారు. డీకన్ దాన్ని ఎడమ భుజం మీద నుంచి కుడి నడుముకు, అచ్చం జంధ్యంలా వేసుకుంటాడు. గురువుకు అది మెడ చుట్టూ తిరిగి రెండు వైపులా ముందుకు వేలాడుతుంది. ఫొటోలో జంధ్యంలా కనిపించిన మనిషి గురించి ‘దివ్యబలిపూజ సమర్పించిన ఫాదర్’ అని రాశారంటే మీకూ ఒక ఉపదేశి వస్తారు.

గురుపట్టాభిషేకం మీరు ఒకసారైనా చూడాలి. నేను మొదటిసారి దర్శి వైపు ఒక పల్లెలో చూశాను. షామియానా, వరుసగా బస్సులు, ఊరంతటికీ భోజనాలు. అభ్యర్థి నేల మీద బోర్లా పడుకుంటాడు. జనమంతా పునీతుల పేర్లు ఒక్కొక్కటీ పిలుస్తూ ప్రార్థిస్తారు. తర్వాత లేచి మోకరిస్తాడు. బిషప్ అతని తలమీద రెండు చేతులూ ఉంచుతారు, మాట లేదు. ఆ వెనుక వచ్చిన గురువులంతా ఒకరి తర్వాత ఒకరు అలాగే చేతులు ఉంచుతారు. నలభై మందో యాభై మందో ఉన్నారు ఆ రోజు. మాట లేదు, పాట లేదు, అంత జనంలో చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. మైకు అద్దెకు తెచ్చిన కుర్రవాడికి ముచ్చెమటలు పట్టాయి. మైకు పోయిందనుకున్నాడు పాపం. పరుగున వచ్చి ‘హలో, హలో’ అని తట్టాడు. బిషప్ గారు కళ్లు మూసుకునే ఉన్నారు, పెదవి మాత్రం కాస్త కదిలింది. ఆ తంతు మొత్తానికి గుండెకాయ ఆ మౌనమేనని నాకు తర్వాత తెలిసింది. ఆ తర్వాత చదివే ప్రార్థనతో అతను గురువవుతాడు. అరచేతులకు తైలం పూయడం, పూజా పాత్ర అందించడం ఆ వెనుక జరిగేవి. మన కెమెరాలు మాత్రం తైలం దగ్గరే క్లిక్కుమంటాయి.

అంతకు ముందే ఇంకొకటి జరుగుతుంది. అభ్యర్థి తన జోడించిన చేతులను బిషప్ చేతుల మధ్య పెట్టి, మీకూ మీ తర్వాత వచ్చే పీఠాధిపతులకూ విధేయుడనై ఉంటానని మాట ఇస్తాడు. మేత్రాసన గురువులు ఇచ్చే మాటలు విధేయత, బ్రహ్మచర్యం. పేదరిక వ్రతం వాళ్లకు లేదు. అది మఠవాస సభల వాళ్లకు. కాబట్టి విచారణ గురువు పేర బ్యాంకు ఖాతా ఉందని, మోటారు సైకిల్ ఉందని సంచలన వార్త రాయకండి. బ్రహ్మచర్యం కూడా ప్రపంచమంతటా ఒకే తీరున లేదు. ఉక్రెయిన్ గ్రీకు కథోలిక సంఘంలో పెళ్లయినవాళ్లు గురువులు కావచ్చు. వాళ్లూ పోప్ కిందివాళ్లే. నేను రాసిన తోక అక్కడ ఒప్పయ్యేదేమో గాని కందుకూరులో కాలేదు.

కుర్చీల్లో నేను ఎక్కువ గౌరవించేది అన్నిటికంటే చిన్నదాన్ని. విచారణ గురువు. విచారణ అంటే పోలీసు విచారణ కాదు, కథోలికుల భాషలో పారిష్. మంచి మాట, ‘మంచిచెడ్డలు విచారించడం’ అందులో ఉంది. ఒక కేంద్రం, దాని కింద కొన్ని పల్లెలు. ఆదివారం ఒకచోట పూజ ముగించి, బండి మీద ఇంకో పల్లెకు. ప్రతి ఆదివారమూ ఒక పూజ తన విచారణ ప్రజల కోసమే, ఎవరి దగ్గరా కానుక తీసుకోకుండా చేసి తీరాలి. సెలవు ఏడాదికి ఒక నెల. జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, చావులు, వీటి రిజిస్టర్లు ఆయనే రాయాలి. ఈ రిజిస్టర్ల గురించి మీరు తెలుసుకోవాలి. కందుకూరులో జ్ఞానస్నానం పొందిన పిల్ల హైదరాబాదులో పెళ్లి చేసుకుంటే, ఆ పెళ్లి కబురు కందుకూరుకు తిరిగి రావాలి, పాత జ్ఞానస్నానం నమోదు పక్కనే రాయాలి. మనిషి ఎక్కడ తిరిగినా ఆ ఒక్క వరుస ఆ పుస్తకంలోనే పెరుగుతూ ఉంటుంది. నాకు ఒక గురువు అలాంటి పాత పుస్తకం తెరిచి చూపించారు. పుల్లకలంతో రాసిన వరుస, పక్కన నీలం సిరాతో పెళ్లి, కింద బాల్‌పెన్నుతో మరణం. ముగ్గురి చేతిరాతలు, ఒకే మనిషి.

సహాయ గురువు విచారణ గురువుకు తోడు. డీన్ కొన్ని విచారణలకు సమన్వయకర్త. వికార్ జనరల్ బిషప్‌కు కుడిభుజం, పాలనలో ఆయన తరఫున సంతకం పెడతారు. చాన్సలర్ దస్తావేజులు చూస్తారు. పెళ్లి రద్దు వ్యాజ్యాలు చూసేది న్యాయ వికార్. ఇక్కడ ఒక ముచ్చట. బిషప్ మరణించినా పదవీ విరమణ పొందినా వికార్ జనరల్ అధికారం ఆ క్షణంతో పోతుంది. న్యాయ వికార్ అధికారం పోదు, కేసులు ఆగకూడదు కదా. కాబట్టి ‘పీఠం ఖాళీ, వికార్ జనరల్‌కు బాధ్యతలు’ అని అలవాటుగా రాయకండి. సలహాదారుల మండలి అని ఆరు నుంచి పన్నెండు మంది గురువులుంటారు. వాళ్లు ఎనిమిది రోజుల్లో పాలనాధికారిని ఎన్నుకుంటారు.

బిషప్ దగ్గరకు వద్దాం. మనవాళ్లకు సర్కారు పోలిక మహా ఇష్టం. పోప్ అంటే రాష్ట్రపతి, ఆర్చిబిషప్ అంటే చీఫ్ సెక్రటరీ, బిషప్ అంటే కలెక్టరు, విచారణ గురువు అంటే తహసీల్దారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. పోలిక మొదటి మెట్టు మీదే జారుతుంది. కలెక్టరు ప్రభుత్వం తరఫున వస్తాడు, ప్రభుత్వం ఎత్తేస్తే వెళ్తాడు. బిషప్‌ను నియమించేది పోపే అయినా, ఆయన పోప్ ఏజెంటు కాదు. ప్రపంచ బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ ఈ మాట స్పష్టంగానే చెప్పింది. తన మేత్రాసనంలో ఆయన అధికారం ఆయనదే, అపొస్తలుల వారసుడిగా వచ్చింది. వేలికి ఉంగరం అందుకే, ఆ సంఘంతో ముడిపడ్డానని. చేతిలో ఉండేది కాపరి కర్ర. నెల్లూరు జోడిపి గొర్రెలు తోలేవాడి చేతికర్రకు తోబుట్టువు, కాకపోతే వెండి పూత. మేత్రాసనం అన్న మాటలోనే ఆసనం ఉంది. బిషప్ కూర్చునే ఆ ఆసనం ఉన్న గుడే కథీడ్రల్. మేత్రాణి అన్న మాట సిరియాక్ నుంచి, మలయాళ, తమిళ దేశాల మీదుగా మనదాకా నడిచి వచ్చింది. దాని మూలంలో ఉన్నది ‘మెట్రోపాలిటన్’, అంటే ఆర్చిబిషప్. మన దగ్గరకు వచ్చేసరికి మామూలు బిషప్‌కు స్థిరపడింది. మాటలకూ బదిలీలు, హోదా తగ్గింపులు ఉంటాయి కాబోలు.

బిషప్ చేయి పల్లె దాకా ఎలా చేరుతుందో ఒక చిన్న సీసాలో చూడవచ్చు. ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర వారంలో బిషప్ తన గురువులందరి మధ్య ఒలీవ నూనెలో సుగంధ తైలం కలిపి అభిషేకిస్తారు. ఆ తైలం ప్రతి విచారణకూ వెళ్తుంది. ఏ మూల పల్లెలో పసిబిడ్డకు జ్ఞానస్నానం జరిగినా ఆ సీసాలోంచి ఒక చుక్క నడినెత్తికి తగలాలి. ఆ బిడ్డ బిషప్‌ను ఎన్నడూ చూడకపోవచ్చు.

బిషప్ కావాలంటే కనీసం 35 ఏళ్లు ఉండాలి, గురువై అయిదేళ్లు గడవాలి. 75 నిండగానే రాజీనామా సమర్పించాలి. ఆమోదించేది పోప్, ఎప్పుడన్నది ఆయన ఇష్టం. కొత్త బిషప్ ఎవరో ముందే కనిపెట్టేద్దామని మీలో కొందరు ఉత్సాహపడతారు. ఢిల్లీలోని పోప్ రాయబారి రహస్యంగా విచారించి మూడు పేర్లు పంపుతారు. పోప్ వాటినీ పక్కన పెట్టవచ్చు. ప్రకటన మాత్రం రోములో మధ్యాహ్నం పన్నెండుకు వెలువడుతుంది. మనకు వేసవిలో మూడున్నర, చలికాలంలో నాలుగున్నర. పేజీ పెట్టేవాళ్లకు ఇంతకంటే మంచి కబురు లేదు.

ఆర్చిబిషప్ గురించి త్వరగా చెబుతాను, అక్కడ ఊరించేంత అధికారం లేదు. నెల్లూరు, గుంటూరు, విజయవాడ, ఏలూరు, శ్రీకాకుళం మేత్రాసనాలు విశాఖపట్నం అగ్రపీఠంతో, అంటే ఆర్చిబిషప్ పీఠంతో, కలిసిన ప్రావిన్సు. మన కడప, కర్నూలు మాత్రం హైదరాబాదు ప్రావిన్సులో ఉన్నాయి. రాష్ట్రం చీలింది గాని ఆ గీత చీలలేదు. విశాఖ ఆర్చిబిషప్ నెల్లూరు గురువును ఒక్కరిని కూడా బదిలీ చేయలేరు. ఆయన భుజాల మీద కనిపించే తెల్లటి ఉన్ని పట్టీ, ఆరు నల్ల శిలువలతో ఉండేది, దాని పేరు పాలియం. అదే గుర్తు.

కార్డినల్ విషయంలో మనకు బంగారంలాంటి ఉదాహరణ ఉంది. పూల ఆంథోనీ గారు కర్నూలు జిల్లాలో పుట్టారు. 1992లో గురువయ్యారు. 2008లో కర్నూలు బిషప్ అయ్యారు. 2020లో హైదరాబాదు ఆర్చిబిషప్‌గా నియమితులయ్యారు. 2022 ఆగస్టు 27న పోప్ ఫ్రాన్సిస్ ఆయనను కార్డినల్ చేశారు. తెలుగువారిలో మొదటి కార్డినల్, దళితుల్లోంచి మొదటి కార్డినల్. ఇప్పుడు ఉపదేశిగారి మూడు వేళ్లతో లెక్కపెట్టండి. 2008 తర్వాత ఆయనకు కొత్త పట్టా ఒక్కటీ లేదు. తర్వాతవన్నీ కుర్చీలే. కాబట్టి ‘కార్డినల్‌గా అభిషేకం’ అని రాయకూడదు. ఎర్ర టోపీ, ఉంగరం ఇస్తారు, రోములో ఒక గుడి పేరు ఆయనకు రాసిస్తారు. ఆ గుడి ఎందుకంటే, కార్డినల్ అంటే మొదట రోము నగరపు గురువులు, డీకన్లు, చుట్టుపక్కల ఊళ్ల బిషప్పులు. 1059 నుంచి పోప్ ఎన్నిక వాళ్ల చేతికి వచ్చింది. రోము గురువులు రోము బిషప్‌ను ఎన్నుకోవాలి కదా, ఆ నటన ఇప్పటికీ ఆ గుడి పేరుతో నడుస్తోంది. గురువు కూడా కాని కార్డినళ్లు ఉండేవారంటే నమ్ముతారా? అలాంటివారిలో చివరివారు తెయొడోల్ఫో మెర్టెల్, డీకన్‌గానే ఉండి 1899లో కన్నుమూశారు. 80 దాటిన కార్డినల్‌కు ఓటు ఉండదు. 2025 మే నెలలో 133 మంది ఓటేసి పద్నాలుగో లియోను ఎన్నుకున్నారు. పూల ఆంథోనీ గారు అందులో ఒకరు.

పోప్ అన్నా పట్టా మేత్రాణులదే. ఆయన రోము బిషప్. ఆయన కథీడ్రల్ కూడా మీరు టీవీలో చూసే పెద్ద గోపురం గుడి కాదు, లాతరాన్ గుడి. పాతకాలపు కథోలికులు పాపుగారు అంటారు. ‘పోపు’ అని మాత్రం రాయకండి, పాఠకుడికి తాలింపు వాసన వస్తుంది.

మఠకన్యల మాట అడుగుతారని తెలుసు. సిస్టర్లకు పట్టా లేదు. వ్రతాలున్నాయి, పట్టా లేదు. ధర్మశాస్త్రం లెక్కలో వాళ్లు గురువర్గం కాదు. మదర్ థెరిసా కూడా కాదు. ‘చర్చి అధికారులు’ అని రాసి వాళ్లను అందులో కలపకండి. మన జిల్లాల్లో ఎన్నో ఊళ్లలో జనానికి ముందు తెలిసింది బడి నడిపిన, మందులిచ్చిన సిస్టరే. ఆ తర్వాతే ఫాదర్. ఈ వరుసలో వాళ్లకు కుర్చీలు చాలా తక్కువ దక్కాయని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోనక్కరలేదు.

ఆ రోజు ఉపదేశిగారిని నేనూ అడిగాను, మరి మీదే పట్టా అని. నవ్వారు. “నాకు పట్టా లేదు, కుర్చీ లేదు. చాప ఉంది. పరిచి జపం చెప్పిస్తాను” అన్నారు. గొడుగు తీసుకుని లేచారు. సవరణ వేస్తానని మాటిచ్చాను.

వేశాను కూడా. మూడే మూడు వాక్యాలు, ఒకటికి రెండుసార్లు చదివాను. ‘మరణించినది పాస్టర్ కాదు, విచారణ గురువు. ఆయన అవివాహితులు.’ మూడో వాక్యంలో నెల్లూరు పీఠాధిపతి అంత్యక్రియలు జరిపారని రాశాను. తెల్లవారి పేపరు చూస్తే కంపోజింగులో ఒక అక్షరం మారి ‘నెల్లూరు మఠాధిపతి’ అని పడింది. వారం రోజులు వీధి తలుపు చప్పుడైతే ఉలిక్కిపడ్డాను. ఆయన రాలేదు. పోస్టు కార్డు వచ్చింది. గుండ్రటి అక్షరాలు: ‘సవరణ చూశాము. స్వాములవారి పెళ్లి రద్దు చేసినందుకు సంతోషం. మఠం సంగతి ఈసారి నెల్లూరు వచ్చినప్పుడు మాట్లాడుకుందాం. టీ నేను ఇప్పిస్తాను.’